బల్లార్షా మీదికెల్లి

టికెట్ల రాసుంటది గంటా ఇరవై నిమిషాలని.
నాకయితే నాగ్‌పూరయినా గువాహటి అయినా
సెక్యూరిటీ కాడికెల్లి గేటు దాకనే దూరం.
ఇరవై మూడో గేటుకు ఏడువందల ఎనభై అడుగులు,
నడుమ ఒక లిఫ్టు, ఒక కాఫీ వాసన.
ఎనిమిదేండ్ల సంది శంషాబాద్‌ల చక్రాల కుర్చీలు నూకుతున్న.
గాలిమోటరు గడప దాకా పోత,
లోపట కాలు పెట్టలే.

ఇయ్యాల కుర్చీల కూసున్నది దేవసహాయం సారు.
లాలాగూడ. మోకాళ్లు రెండు రైలే తిన్నదన్నడు.
ఒళ్లె రెక్సిన్ సంచి, సంచిల దిల్‌పసంద్ పొట్లం,
మిషిన్ల దాన్ని రెండుసార్లు తిప్పి చూసిండ్రు.
క్యాబుల ఉప్పల్ కాడ ఆగి, ఎల్బీనగర్ కాడ ఆగి,
ఆరాంఘర్ కాడ ఒక కునుకు తీసిండట.
"హైదరాబాద్‌కెల్లి హైదరాబాద్‌కే రెండు గంటలు బిడ్డా,
ఆడికెల్లి నాగ్‌పూర్‌కు గంటా ఇరవైయా?
నడుమల ఊర్లన్ని ఏడవొయినయి?"

"ఎవలున్నరు సారూ ఆడ?"
"మా డ్రైవరు. వామన్ బోరాడే."
కారు డ్రైవరనుకున్న.

నవ్విండు.
"నేను గార్డును. బండికి తోక.
వాడు ఇంజన్ల.
ఇరవై ఆరేండ్ల దోస్తానా,
నడుమ ఇరవై నాలుగు డబ్బాలు.
నేను పచ్చజెండ ఊపితె వాడు కూత వెట్టేటోడు,
గంతే మా ముచ్చట.
పట్టాలు వంకర తిరిగిన కాడ
కిటికీలకెల్లి వాని చెయ్యి కనవడేది,
చెయ్యొక్కటే.
మొఖం చూసుడు బల్లార్షాల దిగినంక, చాయ కాడ.

నా డ్యూటి ఆడిదాకనే.
ముంగటికి వేరే గార్డు.
నాగ్‌పూర్ పేరు డబ్బాల మీద చదివిన గని
ఊరును కండ్లతోటి చూల్లే."

"ఇప్పుడెట్లున్నడు ఆయన?"

జవాబియ్యలే.
వేళ్ల మీద లెక్కవెట్టుడు మొదలువెట్టిండు:
కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి...
నేను నూకుతున్న.
రామగుండం కాడ బట్టల దుకాణం దాటినం.
ఎస్కలేటరు పక్కకెల్లి గోదారి బ్రిడ్జి.
మంచిర్యాల, బెల్లంపల్లి.
కాగజ్‌నగర్‌ల కుర్చీ ఆపి నీళ్లు తాపిన.
బల్లార్షా అనేసరికి గేటొచ్చింది.

ఏరోబ్రిడ్జి కిందికి జారుడుంటది.
జారుడు కాడ కుర్చీని తిప్పి ఎన్కకు దింపాలె,
లేకుంటె మనిషి ముంగటికి పడతడు,
ట్రైనింగుల మొదటి దినం చెప్పిన మాట.
"ఎన్కకు తిప్పుతున్న సారూ, భయపడకుండ్రి."

అప్పుడు చూడాలె ఆయన మొఖం.
గేటు దూరమయితుంది, లైట్లు దూరమయితున్నయి,
లైన్ల నిలవడ్డోళ్లు చిన్నగయితున్నరు.
"గిట్లనే," అన్నడు.
"ముప్పై నాలుగేండ్లు గిట్లనే పోయిన.
ముంగట ఏమొస్తదో గార్డుకు తెల్వది బిడ్డా,
పోయేదే కనవడ్తది."
కుడిచెయ్యి కొంచెం లేసింది,
మళ్ల సంచి మీద పడ్డది.

తలుపు కాడ ఎర్ర లిపిస్టిక్కు పిల్ల నమస్తే వెట్టింది.
ఆమెనడిగిండు:
"బల్లార్షా వచ్చినప్పుడు జర చెప్తవా అమ్మా?"
"సర్, ఇది నాన్‌స్టాప్ సర్."

ఖాళీ కుర్చీ ఎక్కుడు కాడ బరువుండది.
సంతకం చేసిన, బూట్లు మార్చిన,
బస్టాపుల నిలవడ్డ.
పాలమాకుల పన్నెండు కిలోమీటర్లు కూడ లేదు,
బస్సు పత్తా లేదు.
పక్కన మక్కకంకులు కాల్చే ఆమె
బొగ్గులు ఊదుతుంది.
ఉత్తరం దిక్కు ఎన్నో దీపాలు,
ఏది ఆయనదో ఏం తెలుస్తది.

ఏడూ ముప్పై అయిదు.
గిప్పుడు బల్లార్షా మీద ఉండొచ్చు.
ఎవలూ చెప్పి ఉండరు.